వవాణియాలో కార్తీక పున్నమి

నవంబరు 3, రైల్లో

"ఈసారి కార్తీక పున్నమికి రా. పుట్టినరోజు ఉంది" అన్నాడు కాకా ఫోన్లో.

"ఎవరిది కాకా? మనవడిదా?"

"మా గురువుగారిది."

"ఎన్నో ఏడు?"

"నూట యాభై ఎనిమిది."

మాది ఖమ్మంలో టైల్స్ షాపు. సరుకులో ముప్పాతిక గుజరాత్‌లోని మోర్బీ నుంచే వస్తుంది. కాకా అక్కడ మా ఏజెంటు. డెబ్బై దాటిన జైనుడు. నాది ఖమ్మం హిందీ, ఆయనది కాఠియావాడీ హిందీ. అర్థమైనంత అర్థం చేసుకుంటూ పద్దెనిమిదేళ్లుగా వ్యాపారం నడుపుతున్నాం. ఏటా దీపావళి సెలవులయ్యి ఫ్యాక్టరీలు తెరిచాక నేనే వెళ్లి, కొత్త డిజైన్లు చూసి, పాత లెక్కలు తేల్చుకుని వస్తాను. గుజరాతీలకు దీపావళి మర్నాడే కొత్త సంవత్సరం. లాభ పంచమికి కొత్త ఖాతా పుస్తకం తెరుస్తారు. పున్నమినాటికి ఆ పుస్తకానికి ఇంకా కాగితం వాసన పోదు.

ఖమ్మం నుంచి సికింద్రాబాద్ వచ్చే దారిలో ఆలేరు దాటుతుంటే కొలనుపాక గుర్తొచ్చింది. అక్కడి జైన మందిరంలో పచ్చరాతి మహావీరుణ్ని చిన్నప్పుడు బడి పిల్లలతో వెళ్లి చూశాను. పెద్దయ్యాక ఆ దారిన వందసార్లు పోయినా మళ్లీ దిగలేదు.

రాజ్‌కోట్ బండి ఎక్కాక చెప్పుకోవడానికేమీ లేదు. పై బెర్తు, పల్లీలు, నిద్ర.

నవంబరు 4, మోర్బీ

రాజ్‌కోట్‌లో దిగి బస్సెక్కి మోర్బీ చేరేసరికి చీకటి పడింది. ఊరి బయట కిలోమీటర్ల పొడవునా ఫ్యాక్టరీల దీపాలే. కాకా ఇంటికి వెళ్లకుండా ముందు గోడౌన్‌కి వెళ్లాను. కారణం ఉంది. సూర్యుడు కుంకాక ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆకలితో వెళ్తే కాకీకి, అంటే కాకా భార్యకి, ఇబ్బంది, నాకు సిగ్గు.

గోడౌన్లో ఒక కుర్రాడు పెట్టెలు విప్పి టైల్స్ పక్కపక్కన పరుస్తున్నాడు, షేడ్ సరిచూడ్డానికి. ఈ సంగతి బయటివాళ్లకి తెలియదు కాబట్టి చెబుతాను. ఒకే డిజైన్, ఒకే కంపెనీ అయినా, వేరే రోజు కొలిమిలో కాలిన టైల్ రంగు పిసరంత తేడాగా వస్తుంది. అందుకే పెట్టె మీద బ్యాచ్ నంబరు వేస్తారు. ఒక గదికి ఒకే బ్యాచ్ వెయ్యాలి. షాపులో విడి టైల్ చూపిస్తే ఎవరికీ తెలియదు. నేల మీద పరిచి, పొద్దున ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు తెలుస్తుంది.

మే నెలలో మా ఊళ్లో ఒక రిటైర్డ్ మాస్టారికి పడగ్గదికి ఐవరీ రంగు టైల్స్ ఇచ్చాను. పదకొండు పెట్టెలు కావాలి, ఆ బ్యాచ్‌లో ఏడే ఉన్నాయి. మిగతా నాలుగు వేరే బ్యాచ్‌వి కలిపాను. తెలిసే కలిపాను. "రెండూ ఒకటేనా?" అని ఆయన అడిగాడు కూడా. "ఒకటే మాస్టారూ" అన్నాను.

కుర్రాడు టైల్స్ పరుస్తుంటే ఇదంతా గుర్తొచ్చి, కాకాకి ఫోన్ చేసి లాడ్జిలో పడుకున్నాను.

నవంబరు 5, వవాణియా

తెల్లవారుజామున కాకా కారు వచ్చింది. ముందు సీట్లో ఆయన, వెనక కాకీ, ఇంజనీరింగ్ చదివే మనవడు, నేను. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు, నేను ఆకుపచ్చ గళ్ల చొక్కాలో. బయల్దేరే ముందు మనవడు స్టీలు ఫ్లాస్కులో కాచి చల్లార్చిన నీళ్లు నింపుకొచ్చాడు.

దారిలో మొదట పాంజ్రాపోళ్ దగ్గర ఆగాం. ముసలివైపోయి, కాళ్లు విరిగి, ఎవరికీ పనికిరాని పశువుల్ని చచ్చేదాకా సాకే చోటు అది. జైనులున్న ఊళ్లలో తరతరాలుగా నడుస్తున్న ఏర్పాటు. కాకా పచ్చమేత మోపు దింపించి, ఒక గిత్త దగ్గరికి వెళ్లాడు. దానికి ముందు కాలు మోకాలి కింద వంకర. మోపులోంచి గట్టి కాడలు ఏరి పక్కన పడేసి, లేత ఆకులు మాత్రం గుప్పెడు గుప్పెడు నోటికందించాడు. నేను ఫోన్ తీసి ఫోటో తీయబోతే చేత్తో వద్దన్నాడు.

"ఫోటో ఎక్కితే ఇది నా లెక్కలోకి పోతుంది."

"లేకపోతే ఎవరి లెక్క?"

"దాని లెక్క. ఆకలి దానిది కదా."

మోర్బీ దాటి మాలియా వైపు వెళ్తుంటే నేల రంగు మారింది. తెల్లటి ఉప్పు పొరలు, గుట్టలుగా పోసిన ఉప్పు, దారి పొడవునా సీమతుమ్మ. నవలఖీ రేవు నుంచి బొగ్గు లారీలు ఎదురొస్తున్నాయి. పాలేరు దగ్గర మా అమ్మమ్మగారి ఊరి పొలిమేర కూడా ఇలాగే తుమ్మలతో నిండి ఉండేది. ఉప్పు మాత్రం లేదు.

కారులోనే కాకా చెప్పుకొచ్చాడు. ఆయన "కృపాళుదేవ్" అంటాడు. లోకం శ్రీమద్ రాజ్‌చంద్ర అంటుంది. 1867లో కార్తీక పున్నమినాడు వవాణియాలో పుట్టాడు. తల్లి దేవబా జైనుల ఇంటి ఆడపడుచు, తాత కృష్ణ భక్తుడు. సన్యాసి కాదు. పెళ్లయింది, పిల్లలున్నారు, ముంబైలో ముత్యాలు, వజ్రాల వ్యాపారం. 33 ఏళ్లకే పోయాడు. గాంధీ 1891లో ఇంగ్లండ్ నుంచి ముంబైలో దిగినప్పుడు ఈయన్ని కలిశాడు. తన జీవితం మీద గాఢంగా పనిచేసినవాళ్లు ముగ్గురని గాంధీ ఆత్మకథలో రాసుకున్నాడు. టాల్‌స్టాయ్, రస్కిన్ పుస్తకాల ద్వారా, రాయ్‌చంద్‌భాయ్, అంటే ఈయన, మాత్రం ఎదురుగా మనిషిగా.

"అవధానాలు కూడా చేసేవాడు" అన్నాడు కాకా మామూలుగా.

నేను సీట్లో నిటారుగా కూర్చున్నాను. అవధానమా?

1887లో, ఇరవై నిండకముందే, ముంబైలోని ఫ్రామ్జీ కావస్జీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన శతావధానం చేశాడు. ఒకపక్క చదరంగం, పేకాట, మరోపక్క గంట మోతలు లెక్కపెట్టడం, అడిగిన విషయం మీద పద్యాలు, రకరకాల భాషల మాటల్ని వరస తప్పించి చెబితే తిరిగి వరసలో అప్పజెప్పడం. తర్వాతెప్పుడో కలిసినప్పుడు గాంధీ కూడా తనకొచ్చిన యూరపు భాషల మాటలన్నీ గుప్పించి చూశాడట, ఒక్కటీ తప్పకుండా అదే క్రమంలో తిరిగొచ్చాయి. మనకిక్కడ తిరుపతి వేంకట కవులు అవధానాలతో ఊళ్లేలడానికి కొంచెం ముందు కాలమిది. మన అవధానంలో ఛందస్సు ప్రాణం. అప్రస్తుత ప్రసంగి ఉంటాడు, సమస్యాపూరణం ఉంటుంది, జనం చప్పట్లుంటాయి. అక్కడ లెక్క, ఆట, భాష ఎక్కువ పాలు. అయినా బుర్ర ఒకటే.

తేడా ఏమిటంటే, ఆయన ఆపేశాడు. పేరు మోగిపోతుండగా, ఇరవై ఏళ్లకే. జ్ఞాపకశక్తి ప్రదర్శన ఆత్మకి పనికిరాదనుకున్నాడు. మన అవధానుల్లో ఎవరైనా ఊరేగింపు పల్లకీ మధ్యలో దిగి ఇంటికి నడిచిపోయారేమో నాకు తెలియదు. బహుశా ఉంటే మనం మర్చిపోయి ఉంటాం, ఆపేసినవాణ్ని గుర్తుపెట్టుకోవడం మనకి అలవాటు లేదు.

వవాణియా చిన్న ఊరు. జన్మభువనం ముందు చెప్పులు వందల్లో ఉన్నాయి, చప్పుడు మాత్రం లేదు. లోపల పెద్ద పటం. బక్కపల్చటి మనిషి, ఎముకలు లెక్కపెట్టొచ్చు, కళ్లు మాత్రం ఆ ఒంటివి కానట్టున్నాయి. ఎదురుగా దీపం, దాని చుట్టూ గాజు చిమ్నీ. పురుగు వచ్చి పడకుండా.

నేను కాకా చెవిలో "జన్మ కల్యాణకమా ఇది?" అని అడిగాను. మాట తెలుసని చూపించుకోవాలని. ఆయన తల అడ్డంగా ఊపాడు. జన్మ కల్యాణకమంటే తీర్థంకరుల, అంటే జైనులు కొలిచే ఇరవై నలుగురి, పుట్టుక పండగ. మహావీరుడికి చైత్ర శుద్ధ త్రయోదశి. ఆ శిశువుని ఇంద్రుడు మేరు పర్వతం మీదికి తీసుకెళ్లి స్నానం చేయించాడని కథ. గురువుది వట్టి జయంతి. మనిషిగా పుట్టాడు కాబట్టి మనిషిగానే జరుపుతారు.

తర్వాత అందరూ కలిసి ఆ గురువు రాసిన ఆత్మసిద్ధి పాడారు. 142 గుజరాతీ పద్యాలు. పుస్తకం చూసేవాళ్లు తక్కువ. నా పక్కన కూర్చున్న ఉప్పు కొఠారు కూలీలాంటి ఒక ముసలాయన కళ్లు మూసుకుని ఒక్క పాదం తప్పకుండా పాడాడు. నాకు ఆత్మా, నిత్య, కర్తా, భోక్తా, మోక్ష లాంటి మాటలు మాత్రం దొరికాయి. ఆత్మ ఉంది, అది నిత్యం, చేసేది అదే, అనుభవించేది అదే, మోక్షం ఉంది, దానికి దారి ఉంది. ఆ ఆరు మాటలే మొత్తం. శిష్యుడు ఒక్కోదాన్నీ శంకిస్తాడు, గురువు ఒక్కోదానికీ జవాబిస్తాడు. గంటసేపు పైగా సాగింది. నా కాళ్లు మొద్దుబారిపోయాయి.

భోజనం బంతిలో ఉల్లి లేదు, ఆలుగడ్డ లేదు, వెల్లుల్లి ఊసే లేదు. అయినా ఆ పెసరపప్పు, ఖిచిడీ, కఢీ ఇప్పటికీ నాలుక మీదున్నాయి. విస్తరిలో మెతుకు మిగల్చకూడదు. కాకా తిన్న పళ్లెంలో నీళ్లు పోసి, వేలితో కడిగి, ఆ నీళ్లూ తాగేశాడు. నేనూ ప్రయత్నించాను. మొదటి గుక్క కష్టం, రెండోది అంత కాదు.

చేతులు కడుక్కుంటుంటే కాకీ అడిగింది. "కానుక ఏం తెచ్చావు?"

నా గుండె జారింది. పుట్టినరోజుకి ఖాళీ చేతుల్తో వచ్చాను. జేబులో నోట్లు తడుముకుంటుంటే నవ్వింది. ఇక్కడ కానుకంటే నియమం. ఏటా ఈ రోజున ఒక్కో మనిషి ఒక్కో అలవాటు వదలడమో, పట్టడమో చేస్తారు. కాకా ఒక ఏడు అబద్ధపు బిల్లు రాయననుకున్నాడు, ముప్పై ఏళ్లుగా నిలిచింది. ఒక ఏడు టీ మానేద్దామనుకున్నాడు, మూడు నెలలే. కాకీ పొద్దున పదింటిదాకా ఎవరి మీదా విసుక్కోనని మొక్కింది. "పదిన్నరకి అందరి బాకీ తీరుస్తుంది" అన్నాడు మనవడు. వాడి కానుక రోజుకొక సామాయిక, అంటే 48 నిమిషాలు ఫోన్ అవతల పెట్టి కదలకుండా కూర్చోవడం. నేను ఆలోచించి, ఇల్లు చేరేదాకా చీకటి పడ్డాక తిననన్నాను. మూడు రోజుల ముచ్చటే కదా. చవగ్గా తేలిపోయిందనుకున్నాను.

మధ్యాహ్నం ఊరి చెరువు వైపు నడిచాం. ఏడేళ్లప్పుడు రాయ్‌చంద్ ఇక్కడే తుమ్మ చెట్టెక్కాడు. ఊళ్లో అతనంటే ముద్దుగా ఉండే అమీచంద్ అనే మనిషి పాము కరిచి పోయాడు. పోవడమంటే ఏమిటని తాతని అడిగితే తాత మాట దాటేశాడు. పిల్లవాడు ఎవరికీ చెప్పకుండా వచ్చి, చెట్టు కొమ్మ మీంచి చితి చూశాడు. నిన్నటిదాకా మాట్లాడిన మనిషిని ఊరి జనమే ఎలా కాల్చగలుగుతున్నారని ఆలోచిస్తూ ఉండగా తన పూర్వజన్మలు గుర్తొచ్చాయని భక్తులు నమ్ముతారు. జాతిస్మరణం అంటారు. నా మటుకు నాకు ఆ జ్ఞాపకాల కంటే ముళ్ల కొమ్మ పట్టుకుని వేలాడుతున్న ఏడేళ్ల పిల్లాడే కళ్లకి కట్టాడు. తుమ్మ చెట్టెక్కినవాడికి తెలుస్తుంది, దిగడమే కష్టం.

ఆ పాము అక్కడితో ఆగలేదు. 1894లో గాంధీ దక్షిణాఫ్రికా నుంచి 27 ప్రశ్నలు రాసి పంపాడు. చివరిది, పాము కాటెయ్యబోతే కాటెయ్యనివ్వాలా, చంపాలా? రాజ్‌చంద్ర జవాబు ఖరాఖండీగా లేదు. కాటెయ్యనివ్వమని నీకు చెప్పడానికి నోరు రావడం లేదంటూనే, ఈ శరీరం పోయేదేనని నిజంగా తెలిసినవాడికి దాని కోసం ఇంకో ప్రాణం తీయడమెందుకని రాశాడు. మొదటి చావుని పాము కాటుగా చూసిన మనిషి రాసిన జవాబు అది. కాకా ఈ రెండూ పక్కపక్కన ఎప్పుడూ పెట్టుకోలేదట. "టైల్స్‌వాడివి కదా, అంచులు కలుపుతావు" అన్నాడు.

తిరుగుదారిలో ముత్యాల కథ చెప్పాడు. ఇది జనం చెప్పుకునేదే, ఏ ఖాతాలో దొరుకుతుందో నాకు తెలియదు. ఒక వ్యాపారి ఫలానా ధరకి సరుకిస్తానని రాజ్‌చంద్రకి కాగితం రాసిచ్చాడు. ధర అమాంతం పెరిగింది. ఇస్తే ఆ వ్యాపారి నిలువునా మునుగుతాడు. రాజ్‌చంద్రే అతని కొట్టుకి వెళ్లి కాగితం అడిగి తీసుకుని చింపేశాడట. రాయ్‌చంద్ పాలు తాగగలడు గానీ రక్తం తాగలేడని అన్నాడట.

కాకా ఇది నాకు చెప్పాలని చెప్పలేదు. ఆయనకి మాస్టారి సంగతి తెలియదు. నేను కిటికీలోంచి ఉప్పు గుట్టలు చూస్తూ కూర్చున్నాను.

ఆరు దాటాక పొద్దు గుంకింది, మనకంటే అరగంట ఆలస్యంగా. అంతకు ముందే కాకీ డబ్బాలోంచి థెప్లాలు తీసి అందరికీ పెట్టింది. కాసేపటికి అమ్మ ఫోన్. మున్నేరు ఒడ్డున దీపాలు పెట్టే జనం హోరు వినిపిస్తోంది.

"మూడొందల అరవై ఐదు వత్తులూ వెలిగించాను. నువ్వు దీపం పెట్టావా?"

"ఇక్కడ ఒకటుందమ్మా. చిమ్నీలో పెట్టారు."

"ఒక్కటేనా? పున్నమిపూట?"

నవంబరు 6, రాజ్‌కోట్

పొద్దున ఫ్యాక్టరీల పని. ఎనిమిది డిజైన్లు చూసి మూడు ఒప్పుకున్నాను. రేట్ల గురించి ఇక్కడ రాయను, ఖమ్మంలో మా పోటీదార్లూ చదువుతారు.

మధ్యాహ్నానికి రాజ్‌కోట్ వచ్చాను. 1901 చైత్రంలో రాజ్‌చంద్ర పోయింది ఈ ఊళ్లోనే. ఆజీ నది దగ్గర సమాధి మందిరం ఉంది. పుట్టిన చోట ఉన్నంత సందడి లేదు. ముగ్గురు ఆడవాళ్లు గోడకి ఆనుకుని చదువుకుంటున్నారు, ఒకావిడ లోగొంతుకతో "సహజాత్మస్వరూప పరమగురు" అని జపిస్తోంది. అరగంట కూర్చున్నాను. ఇదే ఊళ్లో గాంధీ చదివిన బడిని మ్యూజియం చేశారు. వెళ్లాలనుకున్నాను గానీ టైము చాల్లేదు.

స్టేషన్ బయట వేడి వేడి గాంఠియా, వేయించిన పచ్చిమిర్చి, బొప్పాయి తురుము. కాగితం పొట్లం చేతిలోకి రాగానే నోట్లో వేసుకున్నాను. రెండో పిడికిలి నములుతుంటే ప్లాట్‌ఫారం గడియారం కనిపించింది. ఏడూ నలభై. మూడు రోజుల నియమం ఒక్క రోజుకే పోయింది. ఉమ్మెయ్యనా, మింగెయ్యనా అని నిలబడిపోయాను. మింగేశాను. మిగతా పొట్లం ఒక హమాలీకిచ్చి కాకాకి ఫోన్ చేశాను.

"తప్పిపోయింది కాకా."

"కావాలని తిన్నావా, మర్చిపోయి తిన్నావా?"

"మర్చిపోయి."

"అయితే రేపు మళ్లీ మొదలుపెట్టు. మర్చిపోయినదానికి అంత బాధ వద్దు. తెలిసి చేసినదానికి పడు."

ఈ మాట ఆయన మామూలుగానే అన్నాడు. రాత్రి బండిలో నాకు నిద్ర రాలేదు.

నవంబరు 7, నడియాద్

అహ్మదాబాద్ దాటాక దిగాను. 1896లో శరత్ పున్నమి మర్నాడు సాయంత్రం ఆత్మసిద్ధి రాసింది ఇక్కడే. సౌభాగ్‌భాయ్ అనే పెద్దాయన తనకి వచనం కంఠతా పట్టడం కష్టంగా ఉందని, ఆ ఆరు మాటలనే పద్యంగా ఇమ్మని అడిగాడు. రాజ్‌చంద్ర వాహ్యాళి నుంచి వచ్చి కూర్చున్నాడు. అంబాలాల్ అనే శిష్యుడు లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. రెండు గంటల లోపే 142 పద్యాలు అయిపోయాయి. నకళ్లు నాలుగే తీయించి నలుగురికే ఇచ్చాడు.

ఆ చోటు చూశాక నాకు రాసినాయన కంటే లాంతరు పట్టుకున్నాయనే బుర్రలో తిరిగాడు. రెండు గంటలు చెయ్యి దించకుండా. మా షాపులో కుర్రాడు టార్చి పట్టుకుని రెండు నిమిషాలు నిలబడలేడు.

స్టేషన్‌కి వచ్చి బెంచీ మీద కూర్చుని మాస్టారికి ఫోన్ చేశాను. నసగకుండా చెప్పేశాను. ఏడు పెట్టెలు ఒకటి, నాలుగు వేరే, తెలిసే ఇచ్చానని.

"కనిపించింది బాబూ" అన్నాడాయన. "పొద్దున ఎండొచ్చినప్పుడు కనిపిస్తుంది. మంచం అటు జరిపాం."

"మార్పిస్తాను మాస్టారూ."

"ఇప్పుడు పగలగొడితే దుమ్ము. మా ఆవిడకి ఆయాసం. ఉండనీలే." కాసేపు ఆగి, "సంక్రాంతికి కూతురింటికి వెళ్తాం, పది రోజులు. అప్పుడైతే చూసుకో. ఇంతకీ ఎక్కడున్నావు, ఆ రైళ్ల మోతేమిటి?"

"నడియాద్."

"పటేల్ పుట్టిన ఊరు కదూ!" అని 1875 దగ్గర మొదలుపెట్టి, నా బండి వచ్చేదాకా చెప్పాడు.

బండెక్కి కాకాకి మెసేజ్ పెట్టాను. ఐవరీ, రెండు బై రెండు, పదకొండు పెట్టెలు, ఒకే బ్యాచ్.

ఆయన నుంచి జవాబొచ్చింది. బిల్లు ఎవరి పేరున?

నా పేరున అని పంపి, కాకీ కట్టిచ్చిన థెప్లా పొట్లం విప్పాను. అప్పటికి అయిదూ ముప్పావు.